తోక తెగిన మాట

జపానులో మా వేడినీటి బుగ్గల ఊరికి వచ్చే విదేశీయుల కోసం సూచనల కరపత్రం ఒకటి అచ్చు వేయించాలని విడిదుల సంఘం తీర్మానించింది. దానికి కారణం మా సంఘం అధ్యక్షుడు నుకాగా గారి నోటి దురద. పోయిన శరత్కాలంలో ఆయన తన విడిదిలో నాలుగు రోజులున్న ఒక కెనడా జంటను బస్సెక్కిస్తూ, "ఈసారి వస్తే మా ఇంట్లోనే దిగాలి, తప్పదు సుమా" అన్నారు. బస్సు దగ్గర అందరమూ ఆ మాటే అంటాం. వాళ్ళు డిసెంబరులో మూడు పెట్టెలతో నేరుగా ఆయన ఇంటికే వచ్చారు. పదకొండు రోజులున్నారు. నుకాగా గారి భార్య ఆ పదకొండు రోజులూ నవ్వుతూ వడ్డించి, పన్నెండో రోజు నుంచి మొగుడితో మాట్లాడటం మానేసింది.

"వాళ్ళకి మన భాష వస్తోంది. మనం అర్థం కావట్లేదు. ఎవరో ఒకరు రాసి పెట్టాలి," అన్నారు నుకాగా గారు మీటింగులో.

ఎవరూ నా వైపు చూడలేదు. మా దగ్గర మనిషిని ఎన్నుకునే పద్ధతి అదే. అలా ఆ పని నా నెత్తిన పడింది.

నా పేరు సొనోబె చిజుకో. తొచినోయా అనే పన్నెండు గదుల విడిది నాది. మా నాన్న పోయినప్పటి నుంచి, అంటే ముప్పై మూడేళ్ళుగా నేనే నడుపుతున్నాను. అరవై అయిదు నిండాయి. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో ఈ మధ్యే నాకు కూడా తెలిసింది, అది చెప్పడానికే కూర్చున్నాను కాబట్టి తొందరపెట్టకండి.

కరపత్రానికి నలుగురితో కమిటీ వేశారు. పెద్దరికానికి నుకాగా గారు. మునిసిపల్ ఆఫీసు తరఫున హొజుమి గారు. ఏ మాటకీ అవుననీ కాదనీ అనకుండా ఇరవై ఏడేళ్ళు ఉద్యోగం నెట్టుకొచ్చిన ఆవిడ. రాయడానికి నేను. నేను రాసింది సాపు చేయడానికి, చేతిరాత బాగుంటుందని, టోఫు, అంటే సోయా పాల జున్ను, చేసి అమ్మే ఇసోగాయి గారు.

ఆ నాలుగో పేరు చదవగానే నేను లేచి వంగి దండం పెట్టి, "ఇసోగాయి గారంతటి వారు మావంటి వాళ్ళ పక్కన కూర్చోవడానికి ఒప్పుకోవడం మా భాగ్యం" అన్నాను. ఆయన నాకంటే ఇంకా కిందికి వంగారు. ఆయనతో నేను ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇలాగే మాట్లాడుతున్నాను. ఒళ్ళు మండి.

మొదటి నాలుగైదు సూచనలు సులువుగానే తెమలాలి. కొలనులోకి దిగకముందే ఒళ్ళు రుద్దుకోవాలి, దిగాక రుద్దుకోవద్దు. మరుగుదొడ్డి చెప్పులు మరుగుదొడ్డిలోనే విడిచి రావాలి. అన్నం గిన్నెలో తినే పుల్లలు నిలువునా గుచ్చకూడదు, అది చచ్చిపోయినవాళ్ళ ముందు పెట్టే తీరు. ఇంతే కదా, గంటలో అయిపోతుందనుకున్నాను. నుకాగా గారికి 'వద్దు' అనే మాట నచ్చలేదు.

"మొహం మీద కొట్టినట్టుంది చిజుకో గారూ. 'రుద్దుకోకుండా ఉండే విషయంలో మీ దయగల సహకారాన్ని ఆశిస్తున్నాం' అంటే?"

"అంటే రుద్దుకుంటారు," అన్నాను.

"రెండు రకాలుగానూ ఆలోచించొచ్చు," అన్నారు హొజుమి గారు.

సబ్బు మీద గంటా ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి సబ్బు బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా ఒక గీత పెట్టాం. ఆ గీత మరీ కటువుగా ఉందని నుకాగా గారు దాన్ని కొంచెం వంపు తిప్పించారు.

ఆరో సూచన నుంచి మాటల గొడవ మొదలైంది. మేము 'చొత్తో' అని నసిగి ఆగిపోతే దానర్థం 'కొంచెం' అని కాదు, 'కుదరదు' అని. మిగతా వాక్యం కోసం నిలబడకండి, అది రాదు. ఏడోది, 'పరిశీలిస్తాం' అంటే పరిశీలించం. ఎనిమిదోది, 'అది కాస్త కష్టం' అంటే మీరు తలకిందులుగా తపస్సు చేసినా కాదు. తొమ్మిదోది నుకాగా గారు స్వయంగా చెప్పి రాయించారు: 'మా ఇంటికి రండి' అంటే క్షేమంగా వెళ్ళండి అని అర్థం. దాన్ని లావు అక్షరాల్లో వేయమన్నారు. పదోది, మీ జపానీ భాష బాగుందని మెచ్చుకుంటే మురిసిపోకండి, 'నమస్కారం' అన్నా మెచ్చుకుంటాం. పదకొండోది, ఎవరైనా ఏదైనా ఇస్తే మొదటిసారే చేయి చాచకండి, రెండుసార్లు వద్దనండి, ఇచ్చేవాడికి నిజంగా ఇవ్వాలనుంటే మూడోసారి కూడా అడుగుతాడు.

పన్నెండోది నేనే ఎవరినీ అడక్కుండా రాశాను. 'మీతో ఎవరైనా ఉన్నట్టుండి మర్యాద పెంచితే, క్రితం రోజు మీరేం చేశారో గుర్తు తెచ్చుకోండి.'

"ఇది అవసరమా?" అన్నారు నుకాగా గారు.

"చాలా," అన్నాను.

ఇసోగాయి గారు దాన్ని సాపు చేశారు. ఆయన కుంచె మాత్రం 'క్రితం రోజు' దగ్గర ఆగి, అక్కడ సిరా కాస్త ఎక్కువ పీల్చింది.

ఇక ఆ క్రితం రోజు సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి నవంబరు. ఇసోగాయి గారు అప్పటికే రోజూ తెల్లవారి ఆరు దాటాక మా వంటింటి వెనక గుమ్మానికి టోఫు పెట్టె తెచ్చేవారు, ఇప్పటికీ తెస్తున్నారు. ఆ రోజు పెట్టె దించి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డారు. చేతులు ఎర్రగా ఉన్నాయి. టోఫు చేసేవాళ్ళ చేతులు చన్నీళ్ళలో నాని అలాగే ఉంటాయి.

"చిజుకో గారూ, రోజూ ఇలా మోసుకొచ్చే బదులు, ఇక్కడే ఉండి చేస్తే ఎలా ఉంటుంది?" అన్నారు.

మా దగ్గర పెళ్ళి మాట ఇంతకంటే విప్పి అడగరు. అర్థం కానివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసమే కరపత్రం. నాకు ముప్పై నాలుగేళ్ళు. "కెక్కోదెస్ నే" అన్నాను, భేషుగ్గా ఉంటుంది అని, తల వంచి, నేలకేసి చూస్తూ. తల ఎత్తేసరికి ఆయన సందు చివర ఉన్నారు.

మధ్యవర్తిని పంపుతారని నెల రోజులు చూశాను. కొత్త పరుపు గలేబులు కుట్టించాను. ఆయన మాత్రం ఆ మాటైన మరునాడే ఎప్పటిలాగే వచ్చారు, "శుభోదయం, సొనోబె గారూ" అన్నారు, పెట్టె దించారు, వెళ్ళారు. చిజుకో గారిని కాస్తా ఇంటిపేరుతో సొనోబె గారిని అయిపోయాను. నేను సరేనన్నాక ఆ మనిషి జంకి వెనక్కి తగ్గాడు! అప్పుడు నాకు ఏడుపు వచ్చింది, తర్వాత మంట వచ్చింది, ఆ మంట మర్యాదగా మారి అక్కడే ఉండిపోయింది. ఆయనా ఎవరినీ చేసుకోలేదు. అందుకు ఇంకా మండేది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో టోఫు కొట్టు తలుపు మీద కాగితం అంటించారు. మార్చి ముప్పై ఒకటితో కొట్టు మూసేస్తున్నారట. చేతుల కీళ్ళు పట్టేస్తున్నాయని, నీగాత నగరంలో చెల్లెలింట్లో గది ఖాళీగా ఉందని ఊళ్ళో అనుకున్నారు. ఆ కాగితం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఎవరి మీద పళ్ళు నూరానో ఆ మనిషి ఏప్రిల్ నుంచి రాడంటే, ఇక పొద్దున్నే లేవడం దేనికి అనిపించింది. ఆయన వెళ్ళకూడదు. కానీ ఆ ముక్క చెప్పడానికి నేనెవరిని? ఇంటికొచ్చి ముల్లంగి తరుగుతూ వేలు కోసుకున్నాను.

మార్చి మొదటి వారం దాటాక మా విడిదిలో అన్నెకె అని ఒక హాలండు ఆవిడ దిగింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బడిలో ఆటలు నేర్పి రిటైరైంది, మోకాళ్ళ నొప్పులకి మూడు వారాలు వేడినీళ్ళలో నానడానికి వచ్చింది. జపానీ భాష పుస్తకం చూసి నేర్చుకుంది. మా సూచనలు ఆవిడ మీదే పరీక్షించేవాళ్ళం. ప్రతి దానికీ ఎందుకని అడిగేది. 'చొత్తో' తర్వాత వాక్యం ఎందుకు రాదని అడిగితే నుకాగా గారు "చొత్తో..." అని ఆగిపోయారు.

ఒక సాయంత్రం ఆవిడ మొహం మాడ్చుకుని వచ్చింది.

"టోఫు ఆయన నాకు వేడి సోయా పాలు ఇచ్చాడు. పుస్తకంలో 'కెక్కోదెస్' అంటే చాలా బాగుంది అని ఉంది. ఆ మాటే అన్నాను. గ్లాసు వెనక్కి తీసేసుకున్నాడు!"

"తోక పెట్టలేదు నువ్వు," అన్నాను. "కెక్కోదెస్ నే, అంటే బ్రహ్మాండం. 'నే' లేకుండా కెక్కోదెస్ అని ఊరుకుంటే, వద్దు చాలు అని."

"ఒక్క అక్షరానికా?"

"ఒక్క అక్షరానికే."

"ఆ అక్షరం వినపడకపోతే?"

"ఎందుకు వినపడదు? వినపడుతుంది," అన్నాను విసుగ్గా. ఆవిడ ప్రశ్నలతో తల ప్రాణం తోకకొచ్చేది.

మరునాడు పొద్దున టోఫు పెట్టెలో, తడి గుడ్డ పైన, మడిచిన కాగితం ఒకటి ఉంది. ఇసోగాయి గారి చేతిరాత. సోయా పాల గొడవ ఆయన మనసులో కూడా నాటుకున్నట్టుంది.

'పదమూడో సూచన కోసం. ఒకరు కెక్కోదెస్ అని ఊరుకుంటే అది వద్దని చెప్పడమే. మళ్ళీ అడిగి వారిని ఇబ్బంది పెట్టకండి. మరునాడు ఏమీ జరగనట్టే పలకరించండి. నేను అలాగే చేశాను.'

ఆ చివరి వాక్యం ఒక గీతతో కొట్టేసి ఉంది. ఆయన రాతలో కొట్టివేత నేను అంతవరకు చూడలేదు. తప్పు పడితే కాగితం మార్చే మనిషి.

కాగితం చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడి ఉండగా బాయిలరు ఈల వేసింది. మా నాన్న పెట్టించిన బాయిలరు. రోజూ ఆరూ పదికి ఆవిరి వదులుతుంది, ఆ ఈలకి వంటవాడు కూడా మాట ఆపి, అది అయ్యాక అందుకుంటాడు. పుట్టినప్పటి నుంచి వింటున్నాం కాబట్టి మాకది వినపడదు. ఆ రోజు వినపడింది. బియ్యం డబ్బా మీద కూర్చున్నాను. నా 'నే' ఆ ఈలలో పోయింది. ఆయన చెవికి చేరింది కెక్కోదెస్ ఒక్కటే. నేను వద్దన్నాననుకున్నాడు. ఆయన జంకాడని నేననుకున్నాను. ఇద్దరం మర్యాదస్తులం, ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ ఒకరికొకరం వంగి దండాలు పెట్టుకున్నాం. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ బాయిలరును గొడ్డలితో పగలగొట్టాలనిపించింది.

కమిటీ ఆఖరి మీటింగు మార్చి ఇరవై నాలుగున ఊరి హాల్లో జరిగింది. అన్నెకె కూడా వచ్చింది. ఇసోగాయి గారు పదమూడో సూచన చదివారు, కొట్టేసిన వాక్యం మినహా.

"బాగుంది. ముద్రణకి పంపుదాం," అన్నారు నుకాగా గారు.

"నాకు అభ్యంతరం ఉంది," అన్నాను.

మా మీటింగుల్లో ఆ మాట ఎవరూ అనరు. హొజుమి గారు బియ్యపు అప్పచ్చి నమలడం ఆపారు.

"ఎదుటివాడికి తోక వినపడకపోయి ఉండొచ్చు కదా?" అన్నాను.

"వినపడింది. కెక్కోదెస్ అని స్పష్టంగా వినపడింది," అన్నారు ఇసోగాయి గారు కాగితం కేసే చూస్తూ.

"తోక?"

"తోక లేదు."

"లేదా, వినపడలేదా?"

"ఎవరి సంగతండీ ఇది?" అన్నారు నుకాగా గారు.

"విదేశీయుల సంగతి. మీరు టీ తాగండి," అన్నారు హొజుమి గారు. ఇరవై ఏడేళ్ళలో ఆవిడ అంత సూటిగా మాట్లాడటం అదే మొదటిసారి.

నేను ఆగే స్థితిలో లేను. "ఉదాహరణకి ఒక విడిది ఉందనుకోండి. పొద్దున ఆరూ పది. వెనక గుమ్మం దగ్గర ఒకాయన ఒక మాట అడిగాడు. ఆవిడ 'నే' పెట్టే జవాబు చెప్పింది. సరిగ్గా అప్పుడే బాయిలరు ఈల వేసింది."

ఇసోగాయి గారు కుంచె కింద పెట్టారు. "బాయిలరు," అన్నారు.

"బాయిలరే."

"ఆవిడ 'నే' అన్నదని మీకెలా తెలుసు?"

"ఎలా తెలుసంటే, నాకు తెలుసు! గలేబులు కూడా కుట్టించింది!"

"అయితే ఆవిడ ఇంకోసారి చెప్పొచ్చు కదా," అన్నారు, గొంతు చాలా చిన్నగా.

"ఆవిడెందుకు చెప్పాలి? పదకొండో సూచన చదవండి. నిజంగా కావాలనుకున్నవాడు మూడుసార్లు అడుగుతాడు. ఆ మహానుభావుడు ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు. అంత పొదుపేమిటో!"

"ఇబ్బంది పడుతుందేమోనని... ఆ తర్వాత ఆవిడ మర్యాద ఎంత పెరిగిందంటే, ఇక అడిగే ధైర్యం..."

"పన్నెండో సూచన," అన్నారు హొజుమి గారు, కప్పులోకి చూస్తూ.

అన్నెకె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీరిద్దరేనా?" అంది.

హీటరు మీద కెటిలు మరుగుతోంది. నుకాగా గారికి అప్పటికి వెలిగింది. ఆయన మొహం పండు మిరపకాయలా అయింది, గొంతు సవరించుకుని, "ఈ అంశాన్ని పరిశీలిద్దాం" అన్నారు. ఏడో సూచన ప్రకారం దానర్థం ఇక ఎవరూ నోరెత్తకూడదని.

ఇసోగాయి గారు లేచి, అందరికీ వంగి, బయటికి వెళ్ళిపోయారు. గుమ్మంలో ఆయన బూట్లు అలాగే ఉన్నాయి. హాలు చెప్పులతోనే మంచులోకి నడిచి వెళ్ళారు. చెప్పుల విషయంలో ఆయన రాసిన రెండో సూచన ఆ బల్ల మీదే ఉంది.

ఇప్పుడైనా వస్తారనుకున్నాను. ఇరవై అయిదున టోఫు తెచ్చారు, "శుభోదయం" అన్నారు, వెళ్ళారు. పేరు మాత్రం ఏదీ పెట్టి పిలవలేదు. ఇరవై ఆరున వీడ్కోలు టవళ్ళు పంచారు. ఊరు విడిచేవాళ్ళు ఇంటింటికీ ఏదో ఒకటి ఇచ్చి వెళ్ళడం మా ఆనవాయితీ. తెల్ల టవలు, దాని మీద నీలం అక్షరాల్లో ఆయన పేరు, మార్చి ముప్పై ఒకటి అని తారీఖు. ఎప్పుడో ముందే ఆర్డరిచ్చి ఉంటారు. నలభై మూడు ఇళ్ళకి ఇచ్చారు, మాకూ అదే టవలు. అందరికీ ఇచ్చిందే నాకూ ఇచ్చినందుకు రాత్రి అన్నం సహించలేదు.

"టవలుకేం వచ్చింది? వెళ్ళి అడగండి," అంది అన్నెకె.

"నీకర్థం కాదు. టవళ్ళు పంచాక ఉండిపోతే ఊళ్ళో తలెత్తుకోలేడు. అందరూ బదులు కానుకలు కూడా ఇచ్చేశారు. నేను బియ్యపు అప్పచ్చుల డబ్బా ఇచ్చాను."

"మీరు కూడానా?"

"ఇవ్వకపోతే ఏం బాగుంటుంది?"

ఆవిడ తల పట్టుకుంది. తర్వాత కరపత్రం చిత్తుప్రతి తీసి మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివింది. "మళ్ళీ అడగకూడదని పదమూడోదే చెబుతోంది. అది ఇంకా ఒప్పుకోలేదు కదా," అంది. "ఇంకెక్కడా లేదు. నేను రెండుసార్లు చూశాను."

ముప్పయ్యో తారీఖు రాత్రి నిద్ర పట్టలేదు. దానికి కారణం ప్రేమ అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. భయం. రేపు వద్దంటే ఏం చేయాలి? ఈసారి నిజంగానే వద్దంటే, ఇన్నేళ్ళ కోపం కూడా నాకు మిగలదు.

ముప్పై ఒకటో తారీఖు పొద్దున ఆరు నుంచే వెనక గుమ్మంలో నిలబడ్డాను. పాత మంచు మురికిగా పడి ఉంది. ఆయన ఎప్పటి సమయానికే వచ్చారు. పెట్టె దించారు. పైన అదే తడి గుడ్డ. దండం పెట్టడానికి వంగబోతుంటే, "ఆగండి" అన్నాను. ఆయన సగం వంగి ఆగారు.

పెద్ద పెద్ద మాటలు చాలా అనుకున్నాను. ఒక్కటీ రాలేదు. ఆయన మాటే వచ్చింది.

"రోజూ ఇలా మోసుకొచ్చే బదులు, ఇక్కడే ఉండి చేస్తే ఎలా ఉంటుంది?"

ఇసోగాయి గారు నిటారుగా నిలబడ్డారు. నా మొహంకేసి చూశారు. నా మొహం అంత నేరుగా ఆయన ఎప్పుడూ చూడలేదు. చేతులు రెండూ ఏప్రానుకి తుడుచుకున్నారు, తడి లేకపోయినా.

"కెక్కోదెస్..." అన్నారు.

బాయిలరు ఈల వేసింది.

ఆయన పెదాలు కదిలాయో లేదో నేను చూడలేదు, ఎందుకంటే సిగ్గుతో మళ్ళీ నేలకేసే చూస్తున్నాను. అరవై అయిదేళ్ళొచ్చినా బుద్ధి రాలేదు. ఆ ఈల ఎంతకీ ఆగదు. అది ఆగేసరికి ఆయన వంగి దండం పెడుతున్నారు. అది సరేనన్న దండమో, సెలవన్న దండమో తెలియలేదు. వెనక్కి తిరిగారు. సందు వైపు ఒక అడుగు వేశారు.

అప్పుడు నేను, తొచినోయా విడిది యజమానురాలిని, మర్యాదల కరపత్రం రాసిన మనిషిని, గుమ్మంలోంచి గొంతు చించుకుని అరిచాను.

"నే ఉందా, లేదా?"

వీధి వైపు ఎవరింట్లోనో కిటికీ తెరుచుకుంది. వంటవాడు గరిట పట్టుకుని బయటికి తొంగిచూశాడు. ముప్పై మూడేళ్ళలో నేను ఎవరినీ ఇంత మోటుగా ఏదీ అడగలేదు. నుకాగా గారు వింటే దాన్ని వంపు తిప్పమనేవారు.

ఇసోగాయి గారు వెనక్కి వచ్చారు. గుమ్మం ముందు, ఆ నవంబరులో నిలబడ్డచోటే నిలబడ్డారు.

"అప్పుడు ఉందా?" అన్నారు.

"ఉంది."

"నిజంగా?"

"ఉందండీ, ఎన్నిసార్లు చెప్పాలి! ఉంది!"

ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి. తుడుచుకోవడానికి జేబులోంచి తీసింది మార్చి ముప్పై ఒకటని తారీఖున్న టవలే.

"ఇప్పుడూ ఉంది. కొట్టు తాళాలు ఇచ్చేసి ఇక్కడికే వద్దామని వెళ్తున్నాను, ఇంతలో మీరు అరిచారు," అన్నారు. తర్వాత టవలు అంచు నలిపారు. "కానీ చిజుకో గారూ, నలభై మూడు ఇళ్ళకి ఇవి పంచేశాను."

"పోనీండి. వాళ్ళు మొహాలు తుడుచుకుంటారు," అన్నాను. "ముందు లోపలికి రండి, చేతులు చల్లగా ఉన్నాయి."

ఆయన వద్దన్నారు. రెండోసారి పిలిచాను, మళ్ళీ వద్దన్నారు. మూడోసారి పిలవకముందే చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.